పైకెత్తిన చక్రం

మహిమకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. కూతురు జాయిస్ ఏదో ఒక రోజు తన ముఖంలోకి చూసి, నీకేం తెలుసమ్మా అంటుందని. పిల్లకు జ్వరమొచ్చినా ఆమె అంత భయపడదు. జ్వరానికి మాత్రలున్నాయి.

ఆమె చదువు పెనుగంచిప్రోలులో ఎనిమిదో తరగతిలో ఉండగా, మిరపకోతల రోజుల్లో ఆగింది. కోతలు అయిపోయాయి గానీ మళ్లీ బడికి వెళ్లమన్నవాళ్లు లేరు. ఇప్పుడు నందిగామ దగ్గర హైవే పక్కన సౌభాగ్యమ్మ టిఫిన్ సెంటర్లో పెనం దగ్గర నిలబడుతోంది. రోజూ పొద్దున ఏడేళ్ల జాయిస్‌ని వెంట తెచ్చుకుని, స్టూలు మీద కూర్చోబెట్టి, బడి వేళయ్యేదాకా అట్లు వేస్తూనే ఏదో ఒకటి చెబుతూ ఉంటుంది. కిలోమీటరు రాయి నెత్తిన పసుపుంటే నేషనల్ హైవే, ఆకుపచ్చుంటే స్టేట్ రోడ్డు. బటన్ల ఫోన్లో అయిదు అంకె మీద చిన్న బొడిపె ఎందుకంటే, చూడకుండానే వేలికి నడిమి బటన్ తెలియడానికి. సినిమా మొదట్లో చూపించే సెన్సారు కాగితం మీద సినిమా ఎంతసేపో రాసే ఉంటుంది, జనం ఆ కాసేపూ సీట్లు వెతుక్కుంటూ ఉంటారు.

జాయిస్ బడిలో శనివారం శనివారం పిల్లలు ఒక్కొక్కరు లేచి తమకు తెలిసిన సంగతి ఒకటి చెప్పాలి. అమ్మ చెప్పిన మూడు సంగతులకూ మూడు వారాలు చప్పట్లు పడ్డాయి. నాలుగో వారం లారీ సంగతి చెప్పింది. పెద్ద లారీలకు కొన్ని చక్రాలు నేలకు ఆనకుండా గాలిలో ఉంటాయి కదా, బండి ఖాళీగా ఉన్నప్పుడు వాటిని పైకెత్తేస్తారు, లోడెక్కాక దించుతారు అంది. హరిచరణ్ మాస్టారు నవ్వి, అది స్టెప్నీ పాపా, పంక్చరైతే మార్చుకోడానికి అన్నారు. క్లాసంతా నవ్వింది.

సాయంత్రం జాయిస్ పుస్తకాల సంచి దించకుండానే అడిగింది. "నీకెవరు చెప్పారమ్మా?"

మహిమకు ఎవరూ చెప్పలేదు. రెండేళ్లుగా పెనం ముందు నిలబడి తనే చూసింది. జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీల వైపు ఖాళీగా పోయే లారీలకు ఆ చక్రం పైకి ఉండేది. బస్తాలతో తిరిగొచ్చేటప్పుడు నేల మీద దొర్లేది. చూసింది నిజమే. దానికి తను చెప్పుకున్న కారణం నిజమో కాదో ఎవరినీ అడగలేదు.

"మాస్టారు పెద్ద చదువులు చదివారు కదమ్మా" అంది జాయిస్, మెల్లిగా. తను భయపడే మాటకు ఇది ఒక్క మెట్టు కిందే ఉందని మహిమకు తెలిసింది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఏం చెప్పారో ఆమె చెవికెక్కలేదు.

సోమవారం డ్రైవరు కొండలరావు లారీ వచ్చి ఆగింది. సిమెంటుకు ఖాళీగా పోతున్న బండి. చక్రం పైకే ఉంది. అతను పెసరట్టు అందుకుని బల్ల దగ్గర కూర్చున్నాడో లేదో, హరిచరణ్ మాస్టారు ఇడ్లీ పార్సిల్ కోసం బండి స్టాండు వేశారు. జాయిస్ తల దించుకుంది.

ఉల్లిపాయ వెయ్యాలా అని తప్ప మహిమ ఏ డ్రైవరునూ ఏమీ అడిగి ఎరగదు. తను అనుకున్నది తప్పయితే కూతురి ముందు, మాస్టారి ముందు ఒకేసారి పోతుంది పరువు. అయినా పిల్ల వంచిన తల చూశాక నోరు ఆగలేదు.

"అన్నా, ఆ చక్రం పైకెందుకుంది?"

"నీకెందుకే పిల్లా, అట్టు మాడిపోద్ది" అంది సౌభాగ్యమ్మ.

కొండలరావు నోట్లో ముద్ద ఉంది. నమిలాడు. నీళ్లు తాగాడు. చెయ్యి కడుక్కుని, వెళ్లి క్యాబిన్ ఎక్కాడు. ఇంజన్ స్టార్టయింది. బుస్సుమని గాలి వదిలిన చప్పుడుతో చక్రం నెమ్మదిగా దిగి నేలకు ఆనింది. ఆ వెంటనే మళ్లీ లేచింది. మాస్టారు ఇడ్లీ పొట్లం పట్టుకుని అలాగే చూస్తున్నారు.

"ఖాళీ బండికి అన్ని చక్రాలెందుకు, టైర్లు అరగడం తప్ప" అన్నాడు కొండలరావు దిగొస్తూ. "లోడెక్కితే దించాల్సిందే."

మాస్టారు మహిమ వైపు తిరిగి, ఎక్కడ నేర్చుకున్నావమ్మా అన్నారు.

"ఎవరూ నేర్పలేదండి. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ చూసా. ఇందుకే అయ్యుంటదని నాకు నేనే అనుకున్నా."

"మా క్లీనరుకి ఇది ఎక్కించడానికి నెల పట్టింది నాకు" అన్నాడు కొండలరావు.

మాస్టారు జాయిస్ ముందు వంగి, తప్పు నాదే అన్నారు. వచ్చే శనివారం క్లాసులో ఆ మాట అందరికీ చెబుతానన్నారు. మళ్లీ ఆలోచించి, నేను కాదు, మీ అమ్మే వచ్చి చెప్పాలి అన్నారు. జాయిస్ బడికి వెళ్లే దారిలో కనిపించినవాళ్లందరికీ చాటుతూ పోయింది: "మా అమ్మ ఎవర్నీ అడక్కుండానే కనిపెట్టింది." వెనకాల నడుస్తున్న మహిమ, ఊరుకోవే అనలేదు. తల ఎత్తుకునే నడిచింది.

శనివారానికి నీలం చీర ఇస్త్రీ చేయించింది. కానీ తరగతి గదిలో నలుగురి ముందు నిలబడి పదిహేనేళ్లు అయింది ఆమెకు. ఆ పొద్దున మీలో ఎవరైనా నందిగామలో బడి మీదుగా వెళ్తుంటే, గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగి చూడండి. నీలం చీరలో ఒకమ్మాయి ఇంకా బయటే తచ్చాడుతుంటే, లోపల పిల్లలు ఎదురుచూస్తున్నారని చెప్పి పంపించండి.