పెదవులు కనపడని షాట్లు

బఠాణీలు ఒలుస్తూనే, ఓడ కెప్టెన్ చేత "లంగరెత్తండి" అనిపించడం ఎలాగా అని ఆలోచిస్తోంది ఆమె. తెర మీద అతని నోరు మూడుసార్లే తెరుచుకుంటుంది, మన మాటేమో ఐదుసార్లు తెరవమంటుంది. డబ్బింగ్ రాతంటే ఇంతే, పరాయివాళ్ల నోటి కొలతకు మన మాట కుట్టడం.

"అమ్మాయ్, ఎప్పుడు చూసినా ఆ సినిమాలేనా? వాడు సంపాదిస్తున్నాడు కాబట్టి సరిపోయింది," అంది హాల్లోంచి అత్తగారు.

వాడు సంపాదించేది ఈ సినిమాలతోనే అని చెప్పడం మానేసి నాలుగేళ్లయింది. ఒప్పందం మీద సంతకం భర్తది, తెర మీద పేరు భర్తది. ఫ్రెంచి మాత్రం ఆమెకే వచ్చు, ఇంజినీరింగ్‌లో సర్క్యూట్లు బుర్రకెక్కని సాయంత్రాల్లో నేర్చుకుంది. "ఎవరి పేరైతే ఏంటి, మనం ఒకటే కదా," అంటాడతను. ఒకటే. ఆ ఒకటి ఎప్పుడూ అతనే కావడం దగ్గరే చిక్కు.

ఈసారి వచ్చింది ఒక పాత ఫ్రెంచి సాహస నవల మీద తీసిన మూడో సినిమా. నవలలో తుఫానులోంచి ఓడను గట్టెక్కించేది కెప్టెన్ భార్య. నక్షత్రాలు చూసేది ఆవిడే, దారి గీసేది ఆవిడే. మొదటి సినిమాలో చుక్కాని పట్టుకుంది. రెండోదాంట్లో చుక్కాని పక్కన నిలబడి ఏడ్చింది. ఇందులో సూపు తెస్తుంది. ఉన్నవి నాలుగు మాటలు, అందులో మూడు "జాగ్రత్తండీ". నాలుగో సినిమా తీస్తే అసలు ఓడ ఎక్కనిస్తారో లేదో. అయితే కెమెరా పదకొండుసార్లు ఆవిడను వెనకనుంచి చూపిస్తుంది. పెదవులు కనపడని చోట ఎంత మాటైనా పెట్టొచ్చు, అడిగే నాథుడుండడు. ఆ పదకొండు చోట్లా నవలలోని దారి లెక్కలన్నీ ఆవిడ నోట పెట్టి, ఆ సీను వరకు నిన్ననే భర్త పేరుతో పంపేసింది ఆమె.

ఇంతలో భర్త ఫోను స్పీకర్లో పెట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. అవతల డబ్బింగ్ డైరెక్టరమ్మ.

"తుఫాను సీను ప్రాణం పోసుకుందండీ. మీరే రాశారా?"

"నేనే మేడమ్."

"ఆవిడ చేత దారి చెప్పించారే?"

"అదా... ఆడవాళ్లకి నచ్చుతుందని ఏదో కలిపాను మేడమ్. వద్దంటే తీసేస్తా. నవల్లో అంతా కెప్టెనే కదా."



"నవల మీరు చదివారా?"

అతను ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. "ఏముందే నవల్లో? తొందరగా చెప్పు."

ఇలా ఎన్నిసార్లు అందించిందో. కాగితం ముక్క మీద, సైగలతో, గుసగుసగా. అతను తడుముకుంటే తనకే చెమటలు పట్టేవి. ఇవాళ పట్టలేదు. అతను అంత తేలిగ్గా "తీసేస్తా" అన్న ఆ మాటలు, నాలుగేళ్లలో మొదటిసారి ఆమె ఎవరి నోటి కొలతా చూడకుండా రాసినవి.

చేతులు తుడుచుకుని, ఫోను మీది అతని చెయ్యి పక్కకు తీసింది.

"మేడమ్, అది రాసింది నేను. నవల చదివిందీ నేనే. ఒక్క మాట తీసినా ఆ ఓడ మునుగుతుంది. రేపు రికార్డింగుకి నేనొస్తాను."

"తొమ్మిదింటికల్లా రండి," అంది డైరెక్టరమ్మ, "పేరు ఎలా వెయ్యాలో రాసి పంపండి."

"మరి రేపు వంటో?" అంది అత్తగారు గుమ్మంలోంచి.

"మీ అబ్బాయి ఉన్నాడుగా అత్తయ్యా."

"ఇంత చిన్నదానికి నా పరువు తీస్తావా?" అన్నాడతను.

ఆమె లాప్‌టాప్ దగ్గరకు లాక్కుని, 'రచన' అన్నచోట అతని పేరు చెరిపి తన పేరు కొట్టింది. పెళ్లికి ముందున్న పేరు, పూర్తిగా.