బొమ్మకు మీసం

మీసం, బొట్టు. ఇరవై రెండేళ్లుగా నేను తిన్న అన్నం ఆ రెండు గుర్తులు పెట్టినదే. బెల్లంపల్లిలో చదువు రానివాళ్లకు ఏ పాయఖానా తలుపు ఎవరిదో తెలియాలంటే మగవాళ్ల తలుపు మీద మీసమున్న మొహం, ఆడవాళ్ల తలుపు మీద బొట్టున్న మొహం వెయ్యాలి. సినిమా టాకీసు, బస్టాండు, గని దగ్గరి క్యాంటీను, అన్నిచోట్లా ఈ అంతయ్య చెయ్యే. ఏడో తరగతితో బడి మానేసినవాడికి అంతకంటే పెద్ద పని ఎవరిస్తారు?

1994 ఎండాకాలంలో సరళాదేవి అనే నర్సమ్మ నా బోర్డుల దుకాణానికి వచ్చింది. పల్లెల్లో అంగన్‌వాడీ వాళ్లకు క్లాసులు చెబుతుందట. తెల్లబట్ట మీద ఒక మనిషి బొమ్మ కావాలంది. వేశాను. మరునాడు వచ్చి చూసి నవ్వింది.

"అంతయ్యా, బొమ్మకు మీసం ఎవరు పెట్టమన్నరు?"

చూసుకున్నాను. నేను పెట్టలేదు, చెయ్యి పెట్టేసింది.

"మనిషి బొమ్మ అంటిరి గదమ్మా."

"మీసముంటేనే మనిషా? మరి నేనెవరిని?"

ఆమె సుద్దముక్క తీసుకుని నా బోర్డు రేకు మీద గీసి చూపించింది.

"మొహం ఉత్తగ ఉంచు. పక్కన నాలుగు గీతలు కొట్టు. ప్రతి గీతకు ఒక కొసన మీసం, ఇంకో కొసన బొట్టు. మొదటిది ఒంటి గీత, పుట్టిన ఒళ్లు ఎట్లున్నదని. రెండోది మనసు గీత, తను ఆడనా మగనా అని లోపల తనకేం తెలుస్తదని. మూడోది వేషం గీత, బట్ట, జుట్టు, నడక. నాలుగోది ఇష్టం గీత, ప్రాణం ఎవరి దిక్కు గుంజుతదని. చుక్కలు నువ్వు పెట్టద్దు, ఎవరి చుక్కలు వాళ్లే పెట్టుకుంటరు. కొసకు పెట్టచ్చు, నడుమ పెట్టచ్చు. ఒక గీత మీది చుక్క ఇంకో గీత మీది చుక్కను గుంజదు."

"ఒంటి గీతల సుత నడుమ ఉంటరా?"

"ఉంటరు. గట్ల పుట్టిన పిల్లలను నా చేతులతోని ఎత్తుకున్న."

కొత్త బట్ట మీద సుద్ద పూసిన దారం లాగి నాలుగు గీతలు కొట్టాను. అడగకూడదనుకుంటూనే అడిగాను. "మీసమున్నోని చుక్క నాలుగో గీతల మీసం దిక్కే ఉంటే?"

"ఉంటే ఉంటది. రోగమా ఏంది?"

అంత తేలిగ్గా అనేసి ఆమె రిక్షా ఎక్కి వెళ్లిపోయింది. నేను గోడ వైపు తిరిగాను. ఆ గోడకు ఇంకా ఫజలుద్దీన్ బ్రష్షులు వేలాడుతున్నాయి. బోర్డు మీద నేను తెలుగు రాస్తే అతను ఉర్దూ రాసేవాడు. తొమ్మిదేళ్లు ఒకే దుకాణం, ఒకే టిఫిన్ గిన్నె. ఎనభై ఒకటిలో పెళ్లి చేసుకుని భైంసా వెళ్లిపోయాడు. నేను చేసుకోలేదు. ఎందుకు చేసుకోవని అడిగి అడిగి నన్ను కన్న అవ్వ మానేసింది. ఎందుకో తెలిసింది ఇంట్లో ఒక్క ఓదెమ్మకే.

ఓదెమ్మ నా తమ్ముడిగా పుట్టింది. అప్పటి పేరు ఓదెలు. చిన్నప్పుడు వాకిట్లో ముగ్గేస్తే స్కేలు కర్రతో కొట్టింది నేనే. పదహారో ఏట ఇల్లు విడిచి నాగ్‌పూర్ వెళ్లి, తనలాంటి వాళ్లతో ఉండిపోయింది. ఎనిమిదేళ్ల తర్వాత, ఆ ఏడు మొదట్లో, అవ్వ యాదవ్వకు పక్షవాతం వచ్చిందని తెలిసి తిరిగొచ్చింది, చీరలో, నడుము దాకా జడతో. మంచంలో ఉన్న అవ్వ ఒక్క క్షణం చూసింది. "అచ్చినవా, బిడ్డా?" అంది. మా దిక్కు బిడ్డ అంటే కూతురు. ఎనిమిదేళ్లు ఊరంతా తిట్టిన దాన్ని అవ్వ ఒక్క మాటతో లోపలికి పిలిచింది. నేను మాత్రం "ఏందిరా" అనే పిలిచేవాణ్ణి. ఆ "రా" నోట్లోంచి పోలేదు.

అవ్వను లేపడం, కడగడం, బట్ట మార్చడం, అన్నీ ఓదెమ్మే చేసేది. నర్సమ్మ వచ్చిన వారమే చిక్కు నల్లా దగ్గర వచ్చింది. మా వాడ నల్లాకు రెండు లైన్లు. ఓదెమ్మ బిందె పట్టుకుని ఆడవాళ్ల లైన్లో నిలబడింది. ఆడవాళ్ల కోసం చీర కట్టిన మగాడని లైన్లోని భూమవ్వ లొల్లి పెట్టింది. గురువారంనాడు కులపెద్ద గట్టయ్య మా గుమ్మంలోకి వచ్చాడు. గనిలో ముప్పై ఏళ్లు చేసి దిగిపోయిన మనిషి, దగ్గుతూ మాట్లాడతాడు.

"ఐతారం సంఘం కాడికి రాండ్రి ఇద్దరు. వాడు చీరన్న ఇడువాలె, ఊరన్న ఇడువాలె. లేకుంటే రేపు మీ అవ్వ పాడె నువ్వొక్కనివే మోస్తవ్, అంతయ్యా. కులపోడు ఒక్కడు రాడు."

అవ్వ లోపలి నుంచి అంతా వింది. నోరు వంకర తిరిగినా చెవులు బాగానే ఉన్నాయి.

ఆదివారం పొద్దున సుద్దముక్క జేబులో వేసుకుని వెళ్లాను. సంఘం గదిలో బల్లల మీద పదిమంది పెద్దలు, కిటికీ దగ్గర ఆడవాళ్లు. ఓదెమ్మ తలుపు పక్కన గోడకానుకుని నిలబడింది. నేను నల్లటి గచ్చు మీద మోకాళ్ల మీద కూర్చుని బొమ్మ గీయడం మొదలుపెట్టాను. తల, భుజాలు, కాళ్లు.

"ఆగు," అన్నాడు గట్టయ్య. "మొహానికేం పెట్టినవ్?"

చూశాను. మళ్లీ మీసం.

"చూసిండ్రా? వాని అన్ననే మీసం పెట్టిండు! ఇంకేం పంచాతి?"

గది గొల్లుమంది. చెవులు కాలిపోయాయి. మీసం తుడవబోయాను. తుడిస్తే ఓడిపోయినట్టే అనిపించి అలాగే వదిలేశాను. పక్కన నాలుగు గీతలు గీసి, నర్సమ్మ చెప్పినదంతా చెప్పాను.

"ఒంటి గీతల ఓదెలు చుక్క మీసం దిక్కున్నది. మనసు గీతల బొట్టు దిక్కున్నది. పుట్టినప్పటి సంది గంతే. కొట్టి చూసిన, జరగలే. మనసు ఎటుంటే వేషం అటు పోయింది. ఆడదాన్ని అనుకున్నది గనుకనే ఆడోళ్ల లైన్ల నిలవడ్డది."

"అంటే మా కోసం రాలేదంటవా?" కిటికీ నుంచి భూమవ్వ.

"నీ కోసం ఎవలస్తరే భూమవ్వా? నీ మొగడే డ్యూటీ దిగి ఇంటికి వస్తలేడాయె," అన్నాడు బల్ల మీది ముసలాయన. ఆడవాళ్లే ముందు నవ్వారు. గదిలో బిగువు కాస్త సడలింది. ఇద్దరు పెద్దలు బొమ్మ చూడటానికి ముందుకు వంగారు. గెలుస్తున్నానేమో అనుకున్నాను.

గట్టయ్య నవ్వలేదు. "ఆడోళ్ల కోసం కాకుంటే మగోళ్ల కోసం కట్టిండు చీర. మన వాడనంత ఖరాబ్ జేస్తడు."

"కాదు, కాకా. చీర మూడో గీత. ఎవలంటే ఇష్టమన్నది నాలుగోది. దీనికి దానికి సంబంధం లేదు." నోరు ఆగలేదు. "అంగీ తొడిగి, మీసం పెంచి, నేను మగోన్నే అనుకునేటోని చుక్క సుత నాలుగో గీతల మీసం దిక్కుంటది."

గట్టయ్య దగ్గు ఆగింది.

"గసొంటోడు మన కులంల ఉన్నడా?" అన్నాడు మెల్లగా. "ఉంటే పెట్టు చుక్క. పేరు చెప్పు. చెప్తే నీ గీతలు నమ్ముత, ఓదెలును ఉండనిస్త. లేకుంటే ఇదంత ఉత్త ముచ్చట."

కింద గచ్చు మీది బొమ్మ నన్నే చూస్తోంది. భుజాలు కొంచెం వంగి, మీసం కింద మూసుకున్న నోరు. రెండుసార్లు చెయ్యి తప్పు చేసిందనుకున్నాను. చెయ్యి నన్నే గీసిందని అప్పుడు తెలిసింది. గట్టయ్య చూపు బొమ్మ మీసం నుంచి నా మీసం మీదికి వచ్చింది. నలభై రెండేళ్లు, పెళ్లి లేదు. అడగాల్సింది ఏమీ మిగల్లేదు, ఇక నేను చుక్క పెట్టడమే. సుద్దముక్క గచ్చుకు వేలెడు దూరంలో ఉంది. కిందికే పోతోంది.

పట్టీలున్న పాదం ఒకటి వచ్చి నాలుగో గీతను తుడిచేసింది.

"మా అన్నకు బొమ్మలు గీసుడే అస్తది కాకా, చెప్పుడు రాదు," అంది ఓదెమ్మ. గొంతులో నవ్వు తెచ్చిపెట్టుకుంది. "అన్నీ నర్సమ్మ కాడ ఇన్న ముచ్చట్లు. గసొంటోడు ఎవలు లేరు. నేనే పోత. మా అవ్వ పాడెకు మాత్రం అందరు రావాలె."

"ఆగే, ఓదే," అన్నాను.

ఆ మాటకు అది ఆగింది. "రా" పోయి "ఏ" వచ్చినట్టు నాకంటే ముందు తనకే తెలిసింది. దగ్గరికొచ్చి నాకొక్కడికే వినబడేలా చెప్పింది. "ఇన్నేండ్లకు అన్నవా? సాలు. ఇద్దరం బయటవడితే అవ్వకు బుక్క ఎవలు పెడ్తరన్నా? ఒక్కలమన్న ఇంట్ల ఉండాలె."

వెళ్లిపోయింది. మధ్యాహ్నం బండికి నాగ్‌పూర్ పోయిందని తర్వాత తెలిసింది. పంచాయితీ ఒడిసిందని గట్టయ్య అందరికీ చాయ్ తెప్పించాడు. నేనూ తాగాను. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మరునాటి నుంచి అవ్వకు నీళ్లు నేనే పోశాను, మొహం పక్కకు తిప్పుకుని. మూడో రోజు అవ్వ, "బిడ్డ చెయ్యి మెత్తగుండె," అంది.

వారం తర్వాత సరళాదేవి బట్ట కోసం వచ్చింది. విప్పి చూసింది. మొహం ఖాళీగా ఉంది. నాలుగు గీతలు, కొసలకు మీసాలు, బొట్లు, అన్నీ చెప్పినట్టే.

"మంచిగ పెట్టినవ్," అంది. తర్వాత వంగి చూసింది. "నాలుగో గీత మీద గీ ఎర్రచుక్క ఏంది, మీసం పక్కపొంటి? చుక్కలు పెట్టద్దంటి గద?"

"రంగు కారింది."

ఆమె చుక్కను చూసింది. కారిన రంగు అంత గుండ్రంగా ఉండదని ఆమెకూ తెలుసు.

"తుడువరాదా?"

"ఆరిపోయింది," అన్నాను. "ఇగ పోదు."