తలుపు తీసిన మనిషి

ఏరు పొంగి ఊరిని ముంచిన రెండో ఏడు జరిగింది ఇది. మునిగిన ఊరు వదిలి, ఏటికి ఇవతలి పట్నానికి వచ్చినవాళ్లలో ఈ మొగుడూ పెళ్లాలూ ఉన్నారు. అతను ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటు. ఆమె ఆ ఇళ్లు ఊడ్చేది.

ఆ పొద్దున ఖాళీ ఇల్లొకటి తుడిచి, వెనక గది గోడకు రెండో పూత సున్నం వేసింది. అప్పటి వరద ఆ వీధిలోకీ వచ్చింది. నీళ్లు నిలిచిన గీత నడుమెత్తున ఉంది, ఒక పూతకు పోలేదు. గీత కనపడకూడదని అతను ముందురోజే చెప్పాడు.

అవతలి ఊళ్లో ఏజెంటు ఇంటి మంచి చెప్తాడు, చెడు కొనేవాడు వెతుక్కుంటాడు. అది అందరికీ తెలిసిన పద్ధతి, అందులో దాపరికం లేదు. ఇవతల అలా కాదు. తలుపు తీసిన మనిషి, కొనేవాళ్లు గడప దాటకముందే ఆ ఇంటి లోపం చెప్పాలి. ఆ మనిషి మాటకే విలువ. అతనికి ఇది నవ్వులాట. కొనేవాడి ముందు తమ ఇంటినే ఆడిపోసుకునే జనం, వీళ్లకు బేరం ఎవరు నేర్పాలో అనేవాడు. ఏడాదిపాటు ఒక్క ఇల్లూ కదల్లేదు. అప్పుడు, తలుపు తను తీయకపోతే లోపం చెప్పే పని తప్పుతుందని పెళ్లాన్ని గుమ్మంలో నిలబెట్టాడు. "తలుపు తీసి నవ్వుతూ ఉండు. మాట్లాడే పని నాది." తలుపు తీయడం చిన్న పని అనుకున్నాడు. అందుకే ఆమెకిచ్చాడు.

పదింటికి ఆ ఇల్లు చూడడానికి ఒక టీచరమ్మ వచ్చింది. ఆయాసంతో మంచానపడిన తల్లికి వెనక గది ఇద్దామని ముందే చెప్పి ఉంది. గడప బయటే ఆగి లోపం అడిగింది.

"ఏముందండీ, కిటికీ కాస్త బిగుసుకుంటుంది," అన్నాడు అతను.

"తలుపు తీసింది ఆవిడ. ఆవిణ్ణి అడిగాను."

ఆమె చేతివేళ్ల సందుల్లో సున్నం ఇంకా మండుతోంది. అతను దగ్గాడు. ఆ దగ్గు ఆమెకు తెలుసు. చుట్టాల ముందు ఆమె నోరు తెరవబోతే అదే దగ్గు. నీకేం తెలుసు అన్న మాట అందులోనే ఉంటుంది. అత్తగారైతే దగ్గేది కూడా కాదు, మావాడి నోటి పుణ్యాన తింటున్నావని నేరుగానే అనేది. ఎన్ని ఇళ్లు ఊడ్చింది, ఎన్ని గోడలు తడిమింది, ఏ గోడ ఎక్కడ చెమ్మగిల్లుతుందో ఆమె అరచేతికి తెలుసు. ఆ అరచేతిని ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు. చెప్తే ఇంట్లో ఏం జరుగుతుందో తెలుసు. చెప్పకపోతే ఒక ముసలామె ఆ గోడ పక్కన ఊపిరాడక పడుకుంటుంది. ఆ గోడకు సున్నం వేసిన చేయి తనదే.

"వెనక గదిలో నడుం దాకా నీళ్లు నిలిచాయండీ," అంది. "గీత కనపడకుండా సున్నం వేసింది నేనే. వానలకు ఆ గోడ చెమరుస్తుంది. మీ అమ్మగారికి ఆ గది వద్దు."

టీచరమ్మ ఆమె చేతుల వంక చూసింది. మంచిదమ్మా అని, గడప దాటకుండానే వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక అతను విరుచుకుపడ్డాడు. నోటికాడ కూడు తీశావన్నాడు, పరువు తీశావన్నాడు, నలుగురిలో నన్ను దొంగను చేశావన్నాడు. ఆమె చేతులు కడుక్కుంటూ అంతా విన్నది.

"నేను తీసిన తలుపు దగ్గర మాట నాదే ఉంటుందండీ. కాదంటే రేపట్నుంచి మీరే తలుపు తీసుకోండి. ఊడ్చుకోండి కూడా."

అతను తీసుకుంటానన్నాడు.

మర్నాడు పొద్దున ఒక్కడే వెళ్లి ఇంకో ఇల్లు తెరిచాడు. దుమ్ము అలాగే ఉంది. టీచరమ్మ చెప్పిన సంగతి అప్పటికే నాలుగు వీధులు తిరిగింది. వచ్చిన దంపతులు గడప బయట నిలబడి, నిన్న టీచరమ్మకు తలుపు తీసినావిడ రాలేదా అని అడిగారు. తనే చెప్తానన్నాడు. వాళ్లు కదల్లేదు. అతను ఇంటికి నడిచి వచ్చి, గుమ్మంలో నిలబడి, ఆ ఇంటికి లోపం ఏమిటని ఆమెను అడిగాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెకు తెలిసిన సంగతి ఒకటి అతను అడగడం అదే మొదలు.

"నేనొచ్చి వాళ్లకే చెప్తాను," అంది.

అతను వెనక్కి వెళ్లి, ఏజెంటుగారు వస్తున్నారు, కాసేపు ఆగండని వాళ్లతో చెప్పాడు.