చెప్పని కృతజ్ఞతలు

ఇలా రండర్రా, దగ్గరికి రండి. అంత దూరాన కూర్చుంటే గాలి నా మాటని సముద్రంలోకి ఎత్తుకుపోతుంది. నువ్వు ఆ ఫోను బోర్లా పెట్టు నాయనా, కాసేపటికేం మునిగిపోదు. చంటిదాన్ని ఇలా నా ఒళ్లో వెయ్యండి. ఆ, ఇప్పుడు వినండి. ఎతువాలే మన ఊరు విడిచి ఎందుకు పోయాడో చెబుతాను. ఈ మాట మీరు ఇంకెక్కడా వినరు.

మన సవాయీ దీవిలో ఏ ఊరికైనా పెద్ద ఒకడుంటాడు, ఆయన తరఫున మాట్లాడే మాటకారులు వేరే ఉంటారు. ఆ రోజుల్లో మన పెద్ద ఔకుసో. ఆయన స్తంభానికి వీపు ఆనించి కూర్చుని ఒక దగ్గు దగ్గేవాడు, ఆ దగ్గులో ఏముందో మాటకారులు విప్పి చెప్పేవాళ్లు. మాటకారుల్లో మొదటివాడు సిపిలి. పెళ్లయినా చావైనా చర్చి పైకప్పు పండగైనా మాట తనకే కావాలి ఆ మనిషికి. ఒకసారి గొంతు పూర్తిగా పోతే పెళ్లాం చెవిలో గుసగుసలాడి ఆమె చేత చెప్పించాడు గానీ ఇంకొకడికి మాత్రం ఇవ్వలేదు. రెండోవాడు మన ఎతువాలే. నెమ్మదస్థుడు. చేమతోటలో పని చేసుకుంటూ తనలో తనే మాట్లాడుకునే రకం. మూడోవాడు యాకోపో, మీసాలు అప్పుడప్పుడే ముదురుతున్న కుర్ర తండ్రి.

అప్పట్లో మనకి ఒడ్డున నల్లరాళ్ల మధ్య ఊటగుంట ఉండేది. సముద్రం వెనక్కి తగ్గగానే తియ్యటి నీళ్లు ఊరేవి. మా అమ్మ నన్ను అందులోనే ముంచి తీసింది. ప్రభుత్వం వాళ్లు వచ్చి ఇంటింటికీ కొళాయి వేస్తామన్నారు. సరే అన్నాం. గొట్టాల లారీలకి బాట కావాలని గుంటలో రాళ్లు పోసి పూడ్చేశారు. పోనీలే, కొళాయి వస్తోంది కదా అనుకున్నాం. వచ్చింది. వాన పడితే బురద, పడకపోతే కంపు. వాగులో గొట్టం మూతి ఎక్కడ పెట్టారో చూస్తే దానికి పైనే గొడ్ల మంద మేస్తోంది. పిల్లలందరికీ కడుపులు జారాయి. ఎతువాలే మనవరాలు లాంగి పెదాలు ఎండిపోయి, ఎత్తుకుంటే గుడ్డపేలికలా వేలాడేది. ఎలాగో బతికింది. యాకోపో ఇంట్లో పసిగుడ్డు మాత్రం దక్కలేదు.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. మంత్రి స్వయంగా వచ్చి నీళ్లు ఊరికి అప్పగిస్తాడని కబురొచ్చింది.

మన దగ్గర అప్పగించడమంటే ఏమిటో మీకు తెలుసు కదా. మాటకారి లేచి ఊరి తరఫున కృతజ్ఞత చెప్పాలి, ఆడవాళ్లు మేలుచాపలు తెచ్చి పరవాలి. అంతటితో ఆ ఇచ్చింది మనదైపోయినట్టు. మంచిదైనా చెడ్డదైనా ఇక నోరెత్తకూడదు. నీళ్ల ఆఫీసు కుర్రాడు కూడా ఔకుసోతో దాపరికం లేకుండా అన్నాడు: "ఊరు పుచ్చుకుందంటే మా పని అయినట్టేనండీ. మనుషులూ యంత్రాలూ ఇంకో ఊరికి వెళ్లిపోతాయి."

మంత్రి వచ్చే ముందురోజు ఊరి సభలో ఔకుసో దగ్గలేదు, నేరుగానే చెప్పాడు. "మంత్రి చర్చికి కొత్త కప్పు వేయిస్తానన్నాడు. ఊరు ఒక్క నోటితో కృతజ్ఞత చెబుతుంది. వేరే మాట మాట్లాడినవాడు ఊరు విడిచి పోతాడు." ఊరు విడవడమంటే ఇల్లూ తోటా వదిలి, ఇంటి ముందున్న అమ్మానాన్నల సమాధుల్ని వదిలి పోవడం.

ఆ సాయంత్రం ఎతువాలే ఇంట్లో అతని భార్య ఫువాతినో మనవరాలికి విసురుతూ కూర్చుంది. ఆమె ఆడవాళ్ల సంఘానికి పెద్ద. ఆమె నాలుకకి ఎదురు లేదు.

"రేపు నువ్వు మాట్లాడకు. అంతే," అంది.

"సిపిలి ఉండగా నా దాకా మాట వస్తుందటే?"

"అయితే మాట అడక్కుండా కూర్చో."

"అడక్కుండా ఎలా కూర్చుంటాను? ఇది మా తాత మోసిన మాటకారి పేరు. మాట కోసం పోటీ పడకపోతే ఆ పేరుని కాళ్ల కింద వేసి తొక్కినట్టు కాదా? మర్యాదకి ఒకసారి అడుగుతాను. వాడు ఇవ్వడు. కూర్చుంటాను."

"ఊరికే అడిగితే వాడు ఊరికే ఇచ్చేశాడనుకో?"

ఎతువాలేకి నవ్వొచ్చింది. "సిపిలా! మాట ఇవ్వడమా! వాడు అన్నమైనా ఇస్తాడేమో గానీ మాట ఇవ్వడే."

ఆమె నవ్వలేదు. పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకుంది.

మర్నాడు పచ్చికబయలు మీద డేరాలు వేశారు. రాళ్లపొయ్యిల నుంచి పొగ లేస్తోంది, పందులు కాలుతున్నాయి, కొబ్బరిపాలు పోసి చుట్టిన చేమాకు పొట్లాల వాసన ఊరంతా. మంత్రి తెల్లచొక్కాలో వచ్చి డేరా కింద కూర్చుని చెమట తుడుచుకున్నాడు. వేరు పిండి కలిపిన కావా పంచారు. అప్పుడు మన మాటకారులు చేతికర్రలు పట్టుకుని ఎండలో లేచి నిలబడ్డారు. ఇక మొదలయ్యేది మాట కోసం పోటీ. పోటీ అంటే తిట్టుకోవడం కాదు, "ఈ రోజు ఆ బరువు నాకివ్వండి" అని ఒకరినొకరు తియ్యగా వేడుకోవడం. ఒక్కొక్కరే తగ్గి కూర్చుంటే చివరికి నిలబడ్డవాడిది మాట.

యాకోపో ముందే కూర్చున్నాడు. అతని మొహం చూడలేకపోయాం. మిగిలిన చిన్నవాళ్లూ గబగబా కూర్చున్నారు. ఎప్పుడూ అంత తొందరగా అవ్వదు. ఇక సిపిలీ, ఎతువాలే.

ఎతువాలే గొంతు సవరించుకుని, పద్ధతి ప్రకారం అన్నాడు: "అన్నా సిపిలీ, ఎప్పుడూ మీరే మోస్తున్నారు. ఈ ఒక్కరోజు మాట ఈ తమ్ముడికి వదలండి."

దానికి సిపిలి, "అయ్యో తమ్ముడూ, అది నా భుజానికి అలవాటైన బరువు" అనాలి. ఎప్పుడూ అదే అంటాడు. ఈసారి మాత్రం కర్ర వైపు చూసుకుంటూ, "సరే తమ్ముడూ. నీదే. మాట్లాడు," అన్నాడు. అని కూర్చున్నాడు.

ఎతువాలే మిగిలాడు, బయలు మధ్యలో ఒక్కడు. వెనక్కి వెళ్లడానికి లేదు, అడిగి తీసుకున్న మాట కదా! నోటితో కోరుకున్నదాన్ని కాదనే పద్ధతి మన దగ్గర లేదు. సిపిలి కళ్లెత్తడం లేదు. వాడి మనవలు కూడా మంచాన పడి లేచినవాళ్లే మరి. అబద్ధం తన నోట్లోంచి రాకూడదని వాడూ ఆశపడ్డాడు. ఆ అబద్ధం ఇప్పుడు ఎతువాలే నెత్తిన పడింది.

మొదలైతే పెట్టాడు. కావాకి దండం, దేవుడికి దండం, ఔకుసో వంశానికి, మంత్రి వంశానికి. వచ్చిన పేర్లన్నీ చెప్పాడు, రాని పేర్లు కూడా వెతికి తెచ్చి చెప్పాడు. ఎంత సాగదీసినా ఎక్కడో ఒకచోట ఆగాలి కదర్రా. డేరా పక్కన ఆడవాళ్లు చాపలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. "కృతజ్ఞత" అన్న మాట వినపడగానే వాళ్లు నడవాలి. ముందు ఫువాతినో. ఆమె మొగుడి వైపే చూస్తోంది. మాట్లాడమనీ లేదు, వద్దనీ లేదు ఆ చూపులో. అలసట ఉంది, అంతే.

ఎతువాలే కర్రని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"మంత్రిగారూ," అన్నాడు, "అతిథి కానుక తెస్తే చాపలు పరిచి దండం పెట్టడం మాకు తెలుసు. మీరు అతిథి కారు. మేం ఓటేసి పంపిన మనిషి. చేపలకి పంపినవాడు ఒడ్డుకొస్తే వాడికి పూలదండ వెయ్యం, బుట్టలోకి తొంగి చూస్తాం. చూశాం. ఈ నీళ్లు బాగాలేవు. మా ఊట పూడ్చేశారు. మా పిల్లలు పడకేశారు. ఒక బిడ్డ మట్టిలోకి పోయింది. మంచినీళ్లివ్వడం మీ దయ కాదు బాబూ, మీ పని. ఆ పని ఇంకా అవ్వలేదు. అయ్యాక రండి, ఈ చాపలు మీ కోసం దాచి ఉంచుతాం. ఇవాళ మాత్రం నా దగ్గర కృతజ్ఞత లేదు."

కర్ర దించాడు. ఫువాతినో తన చాపని మళ్లీ మడిచి చంకలో పెట్టుకుంది. వెనకున్న మేమందరం మడిచాం. మంత్రి నవ్వు మొహం మీద నుంచి చెరగలేదు, అదొక విద్య వాళ్లకి. ఏదో తియ్యగా మాట్లాడాడు, ఒక ముక్క తిన్నాడు, కారెక్కాడు.

తెల్లవారగానే తరిమేస్తారని ఆ రాత్రే ఫువాతినో బట్టలు మూట కట్టింది. ప్రార్థన అయ్యి అన్నాల దగ్గర కూర్చుంటే పక్కింటి రేడియోలో వార్తలు మొదలయ్యాయి. మన ఊరి పేరు చెప్పారు. "ఊరి తరఫున మాటకారి ఎతువాలే కన్నీళ్లతో ప్రభుత్వానికి కృతజ్ఞతలు తెలిపి, నీళ్లను స్వీకరించారు," అన్నారు.

ఎతువాలే చేతిలో చేమదుంప అలాగే ఉండిపోయింది. "కన్నీళ్లు కూడానటే," అన్నాడు.

"నవ్వకు," అంది ఫువాతినో. "నవ్వే విషయం కాదిది."

పొద్దున్నే ఊరి సభ. అందరూ ఎవరి స్తంభం దగ్గర వాళ్లు కూర్చున్నారు. ఔకుసో, "ఎతువాలే, రేడియో విన్నావా?" అన్నాడు.

"విన్నాను పెద్దాయనా."

"దేశమంతా వింది. నువ్వు కృతజ్ఞత చెప్పావట."

"చెప్పానా? మీరు నా ఎదురుగానే కూర్చున్నారు కదండీ."

"నాకు వయసైపోయింది. ఎండ కూడా మాడ్చేస్తోంది. సరిగ్గా వినపడలేదు. సిపిలీ, నీకు వినపడిందా?"

సిపిలి చాప అల్లికలో వేలు పెట్టి గెలుకుతూ, "గాలండీ," అన్నాడు. "నిన్న గాలి బాగా ఎక్కువగా ఉంది."

నిన్న ఆకు కదల్లేదు.

"అందుకని," అన్నాడు ఔకుసో, గొంతు మెత్తగా చేసుకుని, "నిన్ను శిక్షించడానికి మాకు కారణం కనపడటం లేదు నాయనా. నీ ఇల్లు నీది, నీ తోట నీది. ఎవరన్నా అడిగితే అవునను. అనలేకపోతే ఊరుకో. అదే చాలు."

ఎతువాలే చుట్టూ చూశాడు. గోడల్లేని ఇల్లది, నాలుగు వైపుల నుంచీ గాలి వస్తోంది. అయినా అతనికి ఊపిరాడలేదు. అబద్ధమాడమని కూడా అడగడం లేదు వీళ్లు. ఊరికే కూర్చుంటే చాలట. కూర్చుంటే తోట మిగులుతుంది, పిల్లకి నీడ మిగులుతుంది. దాంతోపాటు ఆ నీళ్లూ మిగులుతాయి. ఊరు పుచ్చుకున్న నీళ్లు. ఇక ఎవరూ బాగుచెయ్యడానికి రారు, లాంగి అవే తాగాలి. రేడియోకి ఎదురు నిలబడి కాదని అరవడానికి అతనికి గొంతెక్కడుంది? ఊరు దాటితే అతని మాట ఎవరికీ వినపడదు.

"పెద్దాయనా," అన్నాడు ఎతువాలే, "ఊరి తీర్మానం దాటి మాట్లాడినవాడికి శిక్ష ఏమిటి?"

"నీకు తెలిసిందే కదా."

"అది నాకు వెయ్యండి."

"నీకు మతిపోయిందా? వదిలేస్తామంటే తన్నమంటావేమిటయ్యా?"

"మీరు వదిలేస్తే నేను కృతజ్ఞత చెప్పినట్టే. వెళ్లగొడితే చెప్పనట్టు. నీళ్లు పుచ్చుకున్న మాటకారిని ఎందుకు వెళ్లగొట్టారని నీళ్ల ఆఫీసు వాళ్లు అడుగుతారు. ఊరి సభ కారణం చెప్పి తీరాలి. రేడియోకి నేను జవాబు చెప్పలేను, మీ శిక్ష చెబుతుంది."

ఔకుసో దగ్గాడు. ఆ దగ్గుకి అర్థం చెప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు. "విన్న సాక్షి లేకుండా శిక్ష వెయ్యం," అన్నాడు చివరికి. "విన్నవాడెవడున్నాడు?"

ఎవరూ లేరు. సిపిలి వేలు చాపలోనే ఉంది. ఎతువాలే ఒక్కొక్క స్తంభం వైపే చూసుకుంటూ వెళ్లాడు. యాకోపో దగ్గర ఆగాడు. ఏమీ అడగలేదు.

యాకోపో ముందుకు జరిగాడు. అతని పెళ్లిలో మాట చెప్పింది ఎతువాలేనే. బిడ్డని మట్టిలో పెట్టినప్పుడు పక్కన నిలబడి గొయ్యి పూడ్చిందీ అతనే.

"నాకు వినపడింది," అన్నాడు యాకోపో. "కృతజ్ఞత చెప్పలేదు. లేదని చెప్పాడు. తీర్మానం దాటాడు. ఊరు విడిచి పోవాలి." అని నడుముకి చుట్టుకున్న లావాలావా అంచు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఎతువాలే అతనికి తల వంచి దండం పెట్టాడు.

ఆ మధ్యాహ్నం బస్సులో వాళ్లు ఫువాతినో అన్న ఊరికి వెళ్లిపోయారు. మేం చేతులూపలేదు, శిక్ష పడ్డవాళ్లకి ఊపకూడదు. అక్కడ ఎతువాలేకి స్తంభం లేదు, మాటా లేదు. సభ జరిగితే కుర్రాళ్లతో కలిసి వెనక కూర్చుని కావా పిండుతాడట. లాంగికి మాత్రం ఒళ్లు వచ్చింది, అక్కడి నీళ్లు మంచివి.

ఇక్కడికి నీళ్ల ఆఫీసు వాళ్లు వచ్చి, మీ మాటకారిని ఎందుకు పంపేశారని అడిగారు. ఔకుసో నేల చూపులు చూస్తూ ఉన్నది చెప్పాడు, అది ఊరి సభ తీర్పు కదా, మార్చలేడు. ఊటగుంటలో రాళ్లు కొన్ని తీశారు. అన్నీ తియ్యలేదు. గొట్టం మూతి ఇంకా గొడ్లు మేసేచోటికి కిందే ఉంది. కానీ ఆ నీళ్లు మనం పుచ్చుకున్నామని ఈరోజు దాకా ఏ ఆఫీసరూ మన మొహం మీద అనలేకపోతున్నాడు. అందుకే ఇంకా వస్తూ పోతూ ఉన్నారు. వాళ్లని రప్పించగలుగుతున్నాం.

ఇదర్రా సంగతి. వార్తల్లో చెప్పింది ఎక్కడో దాచి ఉంచుతారు. మన దగ్గర జరిగింది దాచడానికి నేను తప్ప పెట్టె లేదు, నాకా పళ్లు కూడా లేవు. కాబట్టి మీరు గుర్తు పెట్టుకోండి. రేపు మీ ఒళ్లో పిల్లలు కూర్చున్నప్పుడు చెప్పండి. ఎతువాలే అన్నదీ చెప్పండి, యాకోపో అన్నదీ చెప్పండి, సిపిలికి గాలి వేసిందీ చెప్పండి. ఒక ముక్క ఎక్కువొద్దు, తక్కువొద్దు. ఏదీ, నువ్వు చెప్పు చూద్దాం, మొదట్నుంచి.