నాన్న బటన్

పొద్దున్నే నాన్న బటన్ పనిచేయడం మానేసింది. పక్షవాతం వచ్చాక ఆయనకి మాట పోయింది, ఒంట్లో కదిలేది కుడిచేతి చూపుడువేలు ఒక్కటే. ఆ వేలి కింద బటన్ పెట్టి వైరు లాప్‌టాప్‌కి తగిలించాను. తెరమీద అక్షరాలు ఒక్కొక్కటీ వెలుగుతాయి. కావలసింది వెలిగినప్పుడు ఆయన నొక్కాలి. ఒక్క మాటకి పది నిమిషాలు. ఇవాళ ఆయన నొక్కుతూనే ఉన్నాడు, ఒక్క అక్షరమూ పడటం లేదు.

"ఊరందరి మెషిన్లూ బాగుచేస్తావు, ఇంట్లోదాన్ని మాత్రం గాలికొదిలేశావేంట్రా?" అంది అక్క, నాన్న మూతి తుడుస్తూ. "ఏమైంది దానికి?"

"నిన్న అప్‌డేట్ అయింది."

"ఎవరు చేయమన్నారు?"

"వాటంతటవే అవుతాయక్కా. నా బుర్ర తినకు, కాస్త ఊరుకో."

అబద్ధం. చెప్పేటప్పుడు నాకేమీ అనిపించలేదు. ఈమధ్య నాకు ఏదీ అనిపించడం లేదు.

వైరు పీకి మళ్లీ పెట్టాను. ఇంకో పోర్టులో పెట్టి చూశాను. బటన్‌ని నా లాప్‌టాప్‌కి తగిలిస్తే భేషుగ్గా పనిచేసింది. అంటే తప్పు దానిది కాదు. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఈ పని నేర్పింది నాన్నే, రిపేరు షాపు ఆయనదే. ఎవరొచ్చినా స్క్రూడ్రైవర్ ముట్టకముందు ఒకటే ప్రశ్న వేసేవాడు: "ఏం నొక్కారు?" అందరూ "ఏమీ నొక్కలేదండీ" అనేవాళ్లే. "ఓహో, అయితే దెయ్యం నొక్కింది కాబోలు" అనేవాడు, నవ్వకుండా.

పదకొండేళ్ల కిందట ఆ షాపులోనే, నలుగురి ముందూ నా చెంప పగలగొట్టాడు. ఎవరివో పెళ్లి ఫోటోలున్న డిస్కు చెరిగిపోయింది. నేను దాన్ని ముట్టుకోనే లేదు. ఎంత మొత్తుకున్నా వినలేదు. అప్పట్నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. ఆయన మంచాన పడ్డాకే ఈ ఇంట్లో మళ్లీ అడుగుపెట్టాను.

నిన్న మధ్యాహ్నమంతా కష్టపడి ఆయన రాశాడు: "ఆ పెళ్లి ఫోటోలు చెరిపింది". అంతటితో అలసిపోయి నిద్రపోయాడు. మిగిలింది ఒక్క మాట. "నేనే" కావచ్చు, "నువ్వే" కావచ్చు. "నువ్వే" అయితే రేపట్నుంచి ఈ మనిషికి ఒళ్లెలా తుడవను? తెర మూలన వారం రోజులుగా అప్‌డేట్ అడుగుతోంది. నొక్కాను. రాసింది సేవ్ చేయాలా అంది. వద్దని నొక్కాను.

చివరికి దొరికింది. అప్‌డేట్ వస్తూ వస్తూ బటన్‌ని నడిపించే పాత డ్రైవర్‌ని తీసేసి తనది పెట్టుకుంది. పాతదాన్నే మళ్లీ ఎక్కించాను.

"నొక్కు నాన్నా."

టిక్కుమంది. తెరమీద ఏదో అక్షరం పడింది, దాన్ని చెరిపేశాను.

"హమ్మయ్య!" అంది అక్క.

నిన్నటి వాక్యం మళ్లీ మొదలుపెడతాడనుకున్నాను. "ఆ" వెలిగింది. వేలు కదల్లేదు. "ఏ" దగ్గర నొక్కాడు. ఇరవై నిమిషాలు పక్కనే కూర్చుని చూశాను.

"ఏం నొక్కావు"

అక్క వంగి చదివింది. "ఇదేంట్రా, ఇలా అడుగుతున్నాడు?"

నాన్న తెరవైపు చూడటం లేదు, నన్నే చూస్తున్నాడు.

"ఏమీ నొక్కలేదు నాన్నా," అన్నాను.

ఆయన వేలు మెల్లగా బటన్ మీంచి పక్కకి జరిగింది. మళ్లీ దానిమీదికి రాలేదు.