పండిన వేళ్లు

బేగం బీ సంచిలో రెండు చీరలు, స్టీలు గ్లాసు, రేషన్ కార్డు పెట్టింది. సగం కుట్టిన చంటిపిల్లల బొంతకు సూది గుచ్చి, మడిచి, అన్నిటి మీదా కుక్కింది.

"దవాఖానల బొంత కుడ్తవా అమ్మీ?" కూతురు బుష్రా నవ్వింది.

"ఊకె పండుకోని ఏం జేస్త? డాక్టరు నా గుండె కుడ్తడు, నేను బొంత కుడ్త."

ఇబ్రహీంపట్నంలో ఎవరింట్లో బిడ్డ పుట్టినా, ఆ ఇంటి పాత చీరలు బేగం బీ గడపకు వచ్చేవి. ఆమె చేతిలో అవి మెత్తని బొంతలయ్యేవి. ఈ ఏడాది నాలుగు కుట్లు వేస్తే చాలు, ఆయాసం. నోరు తెరిచి గాలి కోసం చూసేది. గుండెలో కవాటం పాడైందన్నారు. కార్డు ఉంది కాబట్టి ఆపరేషన్ ఖర్చంతా సర్కారే పెట్టుకుంటుందనీ అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమె కార్డును తలగడ గలీబులో దాచుకుని పడుకునేది.

భర్త ఉన్న ఆడది దూరం పోయేటప్పుడు గోరింటాకు లేని ఒట్టి చేతులతో గడప దాటకూడదు. అది ఆ ఇంటి ఆచారం. ఆకు నూరే ఓపిక ఆమెకు లేదు. ఏనాడూ మంచినీళ్లు కూడా తనంతట తాను ముంచుకోని సలాహుద్దీన్, ముందురోజు పెరట్లో గోరింటాకు దూసి, రాతి మీద నూరి, భార్య పది వేళ్లకూ టోపీల్లా తొడిగాడు.

"జర మందంగ బెట్టు, బుష్రా అబ్బా. మల్ల ఎప్పుడు బెడ్తవో."

"గట్లనకు," అన్నాడు. ఇంకో ముద్ద తీసి ఆమె బొటనవేలికి అద్దాడు.

సోమవారం పొద్దున తల్లీకూతుళ్లు పట్నం బస్సెక్కారు. బొంగులూరు దాటేదాకా బేగం బీ తన వేళ్లనే చూసుకుంది. కొసలు నల్లగా, ఎర్రగా పండాయి.

దవాఖానలో కార్డులు చూసే ఎల్లేశ్ వేలిముద్ర మిషన్ ముందుకు జరిపాడు. బొటనవేలు పెట్టింది. ఎర్రలైటు. ఇంకో వేలు. మళ్లీ ఎర్రలైటే. అతడు ఆమె చేతిని తిప్పి చూశాడు.

"గోరింటాకు గీతలల్ల నిండిందక్కా. మిషన్ పడ్తలేదు."

"కండ్లు జూసే మిషన్ ఉంటదంట గద అన్నా?" బుష్రా అడిగింది.

"గది ఖరాబైంది. రిపేరుకు వోయింది. రంగు దిగినంక తీస్కరా."

"రంగు దిగేదాంక ఊపిరి ఆగుతదా?"

ఎల్లేశ్ తలదించుకున్నాడు. "నా చేతుల లేదక్కా. వేలు పడనిది మంజూరు రాదు."

మళ్లీ బస్సెక్కే శక్తి బేగం బీకి లేదు. వరండాలోనే చాప పరిచారు. బుష్రా నిమ్మకాయ తెచ్చి రుద్దింది, సబ్బు పెట్టింది. రంగు ఇంకా మెరిసింది. కూతురు చాయ్ కోసం వెళ్లగానే బేగం బీ నల్లా దగ్గర కూర్చుని, వేళ్ల కొసలను సిమెంటు గట్టుకు రాయడం మొదలుపెట్టింది. రాసింది, ఊపిరి తీసుకుంది, మళ్లీ రాసింది.

సాయంత్రం ఆ వేళ్లు చూసి ఎల్లేశ్ కుర్చీలోంచి లేచాడు. "అయ్యో, తోలే పాయె గదమ్మా! ఇగ గీత ఏడుంటది?"

"నెత్తురుకు గీతలుండవా కొడుకా?" అంది ఆమె. మిషన్‌కు పచ్చి వేలు ఆనించి, మళ్లీ వెలిగిన ఎర్రలైటు వంక చూస్తూ నిలబడింది.

చీకటి పడ్డాక సలాహుద్దీన్ ఫోన్ చేశాడు. "పండిందా?"

బుష్రా నోరు తెరిచింది. తల్లి ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"మస్తు పండింది. అందరు చూస్తున్నరు. నువ్వు ఫికర్ జేయకు, తిని పండుకో."

మంగళవారం తెల్లవారేసరికి వరండాలో చాప మీద ఆమె ఊపిరి ఆగింది.

పెరట్లో సలాహుద్దీన్ కడగని నూరుడురాయి మీద గోరింటాకు ముద్ద ఎండి పగిలింది. సోమవారం పొద్దున సంచి పట్టుకుని పోయిన బేగం బీ మళ్లీ నడిచి ఇంటికి రాలేదు.