మంచు కోసం ఆగిన ముద్ర

అమెరికాలోని మా నవాహో తెగ పిల్లలకు హైస్కూలు పట్టా మీద భాష ముద్ర ఊరికే పడదు. మా భాషలో వంశం చెప్పుకోవాలి, అడిగినవాటికి తడుముకోకుండా జవాబివ్వాలి, చివర ఒక గుంటనక్క కథ చెప్పాలి. ఆ పరీక్ష పెట్టే టీచర్ని నేనే. ఎప్పుడూ ఫిబ్రవరిలో పెడతాను. ఈసారి మంచుకు దారులు మూసుకుపోయి మే నెలకు జరిగింది. తేదీ మార్చారు గానీ ప్రశ్న మార్చాలని ఒక్కరికీ తోచలేదు, నాతో సహా.

లొరిండా అన్నీ గడగడా చెప్పింది. కథ దగ్గర నోరు మూసేసుకుంది.

"ఉరుములొచ్చేశాయి కదా టీచర్. ఇప్పుడు నక్క కథలేంటి? అమ్మమ్మ చంపేస్తుంది."

నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. ఆ కథలు చలికాలంలోనే, ఉరుములు మొదలయ్యేలోపే చెప్పాలని నాకు మాత్రం తెలియదా?

ఆఫీసులో రికార్డులు రాసే వెర్నా పట్టు వదల్లేదు. "రికార్డులో కథ గడి ఖాళీగా ఉంటే ముద్ర రాదక్కా. రెండు ముక్కలు గొణిగించెయ్, ఎవరు వింటారు?"

పక్కనే ఉన్న లొరిండా తల అడ్డంగా ఊపింది. కళ్లు నిండిపోయాయి. ఈ భాష మాట్లాడిందని చిన్నప్పుడు బడిలో వాళ్లమ్మమ్మ నోట్లో సబ్బు కుక్కారు. ఇప్పుడదే భాషకు బడి వేసే ముద్ర ఆవిడ చేతిలో పెట్టాలని పిల్ల ఏడాదంతా కలవరించింది.

పట్టాలిచ్చిన రోజు ఆ అవ్వ పట్టాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ముద్రేదే?"

"కథ చెప్పలేదమ్మమ్మా. ఉరుములొచ్చాయిగా."

అవ్వ మనవరాలి తల నిమిరి, నావైపు తిరిగింది. "చదువు చెప్పేదానివి, ఎండల్లో అడిగావా?"

"మంచు పడ్డాక మళ్లీ అడుగుతానవ్వా."

వేసవంతా వెర్నాతో పోట్లాడి ఆ గడి మూసెయ్యకుండా ఆపాను.

మొదటి మంచు పడిన మర్నాడే అవ్వా మనవరాలూ పట్టా పట్టుకుని ఆఫీసులో దిగారు. లొరిండా కథ చెబుతుంటే వెర్నా కూడా పని ఆపి పొట్ట పట్టుకుని నవ్వింది. గడి నింపి, బంగారు రంగు ముద్ర తీసి, "మీరే అంటించండవ్వా" అంది.

అవ్వ బొటనవేలితో గట్టిగా అదిమింది. ముద్ర వంకరగా పడింది.

"తీసి సరిగ్గా పెడతానుండండి," అంది వెర్నా.

"నా ముద్ర జోలికొచ్చావంటే చెయ్యి విరుస్తా," అంది అవ్వ.